ఒళ్లో పట్టే ల్యాప్‌టాప్

అడుగున మడత దుప్పటి, దాని మీద బట్టలు, బట్టల మడతల్లో చేతి అద్దం, పక్క జేబులో మందులు, అన్నిటికీ పైన తువ్వాలు. దారిలో ఆఖరున కావలసింది అడుగున ఉండాలి, ముందుగా కావలసింది చేతికి తగలాలి. ఆ పద్ధతిలోనే రంగులాయన పొద్దుటి నుంచి మంచం మీద సంచి సర్దుతున్నాడు. సర్దిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేసి, మెడ పక్కకు వంచి చూసి, ఏదో నచ్చక మళ్లీ అంతా కుమ్మరిస్తున్నాడు. చూసేవాళ్లకు ఆయనే ఊరికి బయలుదేరుతున్నాడేమో అనిపిస్తుంది. సంచి ఆయనదే గానీ, ప్రయాణం ఆయన భార్యది.

ఆవిడ కిటికీ పక్కన తొక్కుడు మిషన్ ముందు కూర్చుని పక్కింటావిడ గౌనుకు ఆఖరి అంచు కుడుతోంది. సాయంత్రం బస్సు పెట్టుకుని పొద్దున ఇంకొకరి గౌను కుట్టగల మనిషి ఆవిడ. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. కళ్లజోడుకు తాడు కట్టుకుని మెడలో వేసుకుంటుంది. ఒంటి మీద ఎక్కడో ఒకచోట రంగు దారపు పోగు అంటుకునే ఉంటుంది.

"ఆ సంచి ఇంకొక్కసారి కుమ్మరించారంటే దానికే తల తిరుగుతుంది," అంది మిషన్ ఆపకుండా.

"దారి సంగతి నీకేం తెలుసు? చీకట్లో తడుముకుంటే మందులు చేతికి రావాలి."

"వస్తాయిలెండి. అసలైనదే ఇంకా రాలేదు. ల్యాప్‌టాప్ ఏదీ?"

రంగులాయన తువ్వాలు తీసి మళ్లీ మడత పెట్టసాగాడు.

రంగులాయన అన్నది ఆయన పేరు కాదు. కుట్టుదారాలు చేసే కంపెనీకి ఊరూరా తిరిగి ఆర్డర్లు పట్టుకొచ్చే ఉద్యోగం చేశాడు. చంకలో ఎప్పుడూ రంగుల కార్డు ఉండేది. అట్టల మీద వరసగా దారపు కుచ్చులు, ఒక్కో కుచ్చు కింద దాని నంబరు. దర్జీలు ఆయన పేరు గుర్తుపెట్టుకునే శ్రమ ఏనాడూ తీసుకోలేదు. "రంగులాయన వచ్చాడు, టీ చెప్పండి" అనేవాళ్లు. ఆ పిలుపు ఊళ్లు దాటుకుంటూ ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది. సంచి మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ఆయనకు చొక్కా కుట్టేటప్పుడు భార్య ఆ తేడా చూసుకునే కత్తిరిస్తుంది. పెద్ద పదవులేవీ ఎక్కలేదు, పెద్ద గొడవల్లోనూ ఇరుక్కోలేదు. కిందటి వానాకాలం కంపెనీవాళ్లు ఒక గోడగడియారం చేతిలో పెట్టి, చాలా మంచి మాటలు చెప్పి ఇంటికి పంపారు.

ఆ గడియారం గోడకెక్కిన కొన్నాళ్లకే కుట్టుమిషన్ల కంపెనీ మనిషి ఒకాయన పాత మిషన్ బాగుచేయడానికి ఇంటికొచ్చాడు. మిషన్ సంగతి మరిచిపోయి ఆవిడ కుట్టు చూస్తూ నిలబడ్డాడు. తమ కంపెనీ పువ్వులు కుట్టే కొత్త మిషన్లు అమ్ముతోందనీ, కొన్నవాళ్లకు పని నేర్పే మనిషి కావాలనీ చెప్పాడు. ఊరూరా తిరగాలి. పువ్వుల నమూనాలు ల్యాప్‌టాప్‌లో దిద్దుకుని, పెన్ డ్రైవ్‌లో వేసి, మిషన్‌కు ఎక్కించడం నేర్పాలి. జీతమూ బస్సు చార్జీలూ కంపెనీవి. ల్యాప్‌టాప్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మొదటి విడత సవ్యంగా జరిగితే ఉద్యోగం ఖాయం, జరగకపోతే ఎవరి దారి వాళ్లది.

రంగులాయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ ఇంట్లో మళ్లీ ఊళ్ల పేర్లూ బస్సుల మాటలూ వినిపిస్తున్నాయి. ఇద్దరూ కూతురింట్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ కూతురి ల్యాప్‌టాప్ మీద పువ్వులు దిద్దడం పట్టుదలగా నేర్చుకుంది. ల్యాప్‌టాప్ ఎంచుకునే పని తనకు వదిలేయమన్నాడు ఆయన. దారిలో ఏది నిలుస్తుందో ఏది నిలవదో తనకన్నా తెలిసినవాడెవడు?

అక్కడే చిక్కొచ్చి పడింది. వారం రోజులుగా దుకాణాలు తిరుగుతున్నాడు, ఒక్కటీ కుదరలేదు. ఒకటి మరీ బరువు. ఒకటి మరీ మెరుపు, దొంగల కళ్లన్నీ దాని మీదే ఉంటాయి. ఇంకొకటి తెరిస్తే కిర్రుమంది. చవకదాన్ని చూస్తే ఊళ్లో చెడిపోతుందని భయం, ఖరీదైనదాన్ని చూస్తే జేబు ఒప్పుకోదు. అల్లుడు ఫోన్‌లో పెద్ద తెరది చూడమన్నాడు. "దాన్ని ఎత్తాలంటే మీ అత్తగారి వెంట నువ్వూ వెళ్లాలి నాయనా" అని రంగులాయన ఫోన్ పెట్టేశాడు. చెప్పిన కారణాలన్నీ నిజమే. చెప్పని కారణం ఇంకొకటుంది. ల్యాప్‌టాప్ వచ్చిందంటే ఆవిడ బయలుదేరుతుంది. ఆవిడ లేని ఆ ఇంటిని ఆయన ఇంతవరకూ చూడలేదు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆవిడ ఉంది, వెళ్లినప్పుడల్లా ఆవిడ ఉంది. ఆ ఖాళీ గదులంటే ఆయనకు భయంగా ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు, ఇద్దరూ పైకి అనరు.

మిషన్ ఆగింది. ఆవిడ దారం తెంపి, గౌను దులిపి, మడిచింది.

"పదండి, నేనూ వస్తాను. ఇవాళ కొనకుండా ఇంటికి రావడం లేదు."

రంగులాయన సంచి ఖాళీ చేసి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చి వెనక్కొచ్చి, మిషన్ మీదున్న ఇటుకరంగు దారపు రీలు లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అదెందుకు?"

"చూద్దువుగాని."

దుకాణంలో ఒక అమ్మాయి ఉంది. జుట్టు నెత్తి మీదికి ముడేసుకుని, చెవి వెనక పెన్ను పెట్టుకుంది. వారం రోజుల్లో రంగులాయనను అంతకుముందే రెండుసార్లు భరించింది కాబట్టి, చూడగానే లేచి నిలబడింది.

"రండి అంకుల్. ఇవాళ ఆంటీని కూడా తెచ్చారా? అమ్మయ్య."

బల్ల మీద నాలుగైదు ల్యాప్‌టాప్‌లు వరసగా పెట్టింది. రంగులాయన పరీక్ష మొదలుపెట్టాడు. ఒక్కొక్కదాన్నీ కళ్లు మూసుకుని ఎత్తాడు. సంచి లోపలి జేబులోకి దించి, భుజాన వేసుకుని, దుకాణం ఆ చివరిదాకా నడిచి వచ్చాడు. ఆ జేబు ఒకప్పుడు రంగుల కార్డు కోసం చెప్పి కుట్టించుకున్నది. తర్వాత స్టూలు మీద కూర్చుని, మోకాళ్లు దగ్గరికి చేర్చి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఊరికే అటూ ఇటూ ఊగాడు.

"ఏంటంకుల్ అది?" అంది అమ్మాయి.

"బస్సమ్మా. బస్సు గతుకుల్లో పడితే ఒళ్లో ఉన్నది నిలవాలి. నేనెన్ని ఆర్డర్లు ఒళ్లో పెట్టుకుని రాశానో తెలుసా?"

అమ్మాయి ఆవిడ వైపు చూసింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ మరోవైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ చేసే పని అది.

ఆ తర్వాత రీలు బయటికి వచ్చింది. తెర మీద ఇటుకరంగు గులాబీ ఒకటి పెట్టించి, దాని పక్కన రీలు ఆనించి, అక్కడ ఎవరినీ చూడనివ్వలేదు. రంగును ట్యూబులైటు కింద చూడకూడదట, పగటి వెలుతురులో చూడాలట. ఒక చేత్తో ల్యాప్‌టాప్, ఒక చేత్తో రీలు పట్టుకుని వీధి గుమ్మంలోకి నడిచాడు. అమ్మాయి గుండె పట్టుకుని వెనకాలే పరుగెత్తింది. ఎండ పడగానే తెర కాస్తా నల్లటి పలకయి, అందులో రంగులాయన మొహమే కనిపించింది.

"ఎండలో ఏదీ కనపడదంకుల్! నీడలోకి రండి, గుమ్మం లోపల నిలబడండి."

గుమ్మం లోపల నిలబడి చూస్తే ఒకదానిలో ఇటుకరంగు గుమ్మడికాయ రంగులో ఉంది. ఇంకొకదానిలో వంకాయకు దగ్గరగా ఉంది. మూడోదానిలో ఇటుక ఇటుకలాగే ఉంది. సన్నగా, చిన్నగా, వెండిరంగులో ఉన్న ల్యాప్‌టాప్ అది. బరువు తెలియడం లేదు. జేబులోకి ఇట్టే జారింది. ఒళ్లో కుదురుగా కూర్చుంది. ధర కాస్త ఎక్కువే గానీ చచ్చీచెడీ అందుకోవచ్చు. రంగులాయన మొహం వెలిగిపోయింది.

"ఇదీ! ఇది నీ కోసమే పుట్టింది. ఈ ఊళ్లో బస్సెక్కి ఒళ్లో పెట్టుకున్నావంటే, ఆ ఊళ్లో దిగేలోపు నీ పువ్వులన్నీ దిద్దేసుకోవచ్చు. దిగగానే తిన్నగా పనిలోకే."

ఆవిడ ల్యాప్‌టాప్‌ను అంచులు తడిమి చూసింది. ఒకసారి మూసింది, తెరిచింది. తర్వాత మెల్లగా అంది.

"నాకు బస్సులో తల వంచితే తిప్పేస్తుందండీ."

"ఏంటి?"

"చిన్నప్పటి నుంచీ అంతే. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటే ఏమీ కాదు. ఒళ్లో పుస్తకం పెట్టుకుంటే చాలు, వాంతి."

రంగులాయన నవ్వబోయి ఆగిపోయాడు. ఇన్నేళ్ల కాపురంలో తనతో ఆవిడ బస్సెక్కిన సందర్భాలు తలచుకున్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎక్కిన ప్రతిసారీ తను అలసి, ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. చూడ్డం సరదా కాబోలనుకున్నాడు. ఊళ్లన్నీ తిరిగి, ప్రతి దర్జీకి ఏ రంగు నచ్చుతుందో నాలుక చివర పెట్టుకున్న తనకు పక్కసీటులో ఉన్న మనిషి సంగతి తెలియలేదు. ఆ మాట ఆయనకు నిజంగా గుచ్చుకుంది.

"మరి ముందే చెప్పొచ్చు కదా," అన్నాడు.

"మీరంత ముచ్చటపడి ఊగుతుంటే ఎలా చెప్పను?"

ఈసారి అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. ఆ పైన అడగవలసిన మాట అడిగింది.

"ఆంటీ, అసలు మీరు దీన్ని ఎక్కడ పెట్టుకుని పని చేస్తారు?"

వారం రోజులుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆవిడ స్టూలు మీద సర్దుకుని కూర్చుని, చేతులతో గాలిలో బల్ల గీసి చూపించింది. "ఇక్కడ మిషన్ ఉంటుంది. పక్కన దీన్ని పెడతాను. నేర్చుకునేవాళ్లు చుట్టూ నిలబడతారు, కొందరు ఎదురుగా కూడా. తెర నా వైపే ఉంటే వాళ్లకేం కనిపిస్తుంది? ఇంకోటి, పెన్ డ్రైవ్ పెట్టే చోటుండాలి. ఈ సన్నదానికి ఉందా? నాకు కనపళ్లేదు."

"దీనికి లేదాంటీ. విడిగా ఇంకో ముక్క కొని తగిలించుకోవాలి."

"ఆ ముక్క నేను మొదటి ఊళ్లోనే పోగొట్టుకుంటాను."

అమ్మాయి లోపలికి వెళ్లి ఒక నల్లటి ల్యాప్‌టాప్ తెచ్చింది. చిన్నదే గానీ కాస్త లావు. కిందటేడాది రకం. చూపించడానికి బయట పెట్టినది కావడంతో మూత మీద గీత పడింది, అందుకే ధర బాగా తగ్గించారు. దాని తెరను వెనక్కి వంచుతూ పోతే బల్లకు ఆనేదాకా పడుకుంది. పెన్ డ్రైవ్ పెట్టే చోటు పక్కనే, వేలికి తగిలేలా ఉంది. ఆవిడ దాన్ని బల్ల మీద పరిచినట్టు పెట్టి, భర్తను ఇటూ అమ్మాయిని అటూ నిలబెట్టింది.

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది," అన్నారు ఇద్దరూ.

తర్వాత ఆవిడే చెయ్యి చాచింది. రంగులాయన రీలు ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని తెర పక్కన ఆనించి, కళ్లజోడు పైకి తోసుకుని చూసింది.

"కొంచెం కాలిన ఇటుక," అంది. "పర్లేదు. ఇటుకే."

రంగులాయనకు ఇంకో రెండు పరీక్షలు చేయాలని చేతులు దురదపెట్టాయి. తమాయించుకున్నాడు. రీలు తిరిగి జేబులో వేసుకుని, డబ్బు కట్టి, సంచి జిప్పు లాగాడు.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక మళ్లీ సర్దుడు మొదలైంది. లోపలి జేబులోకి నల్లది దిగలేదు. సగం దిగి ఆగింది. రంగులాయన జేబులోకి చెయ్యి పెట్టి చూసి, ఏమీ తెలియనట్టు పైకప్పు వైపు చూశాడు. ఆవిడ చెయ్యి పెట్టి లాగితే రంగుల కార్డు బయటికి వచ్చింది.

"ఇదెప్పుడు పెట్టారు?"

"పొద్దున బట్టల మడతల్లో ఉంచాను. వచ్చాక ఇందులోకి మార్చాను. దారిలో ఏ రంగైనా అడిగితే నంబరు చూసుకుంటావని..."

ఆవిడ నవ్వలేదు. కార్డును రెండు చేతులా పట్టుకుని, అట్టల అంచులు సమంగా తట్టి, మిషన్ పక్కన బల్ల మీద పెట్టింది. "ఇదిక్కడే ఉండనివ్వండి. ఏ రంగైనా కావాలంటే ఫోన్ చేసి మిమ్మల్నే అడుగుతాను. కార్డు పక్కన మీరుంటేనే నంబరు సరిగా వస్తుంది."

రంగులాయనకు ఆ మాట ఎంత హాయిగా ఉందంటే, వెంటనే ఏదో ఒకటి అనకపోతే కళ్లు చెమర్చేట్టున్నాయి. ఎన్నాళ్ల నుంచో అడగాలనుకున్నది అడిగేశాడు.

"నేను ఊరెళ్లేటప్పుడు నువ్వు ఒక్కసారి కూడా గుమ్మంలోకి రాలేదేం? నేను మెట్లు దిగుతుంటే వెనకాల మిషన్ చప్పుడే వినపడేది. ఈవిడకు కుట్టు ముందు మొగుడూ లెక్కలేదనుకునేవాణ్ణి."

"గుమ్మంలోకి వస్తే మీరు వెనక్కి తిరిగి చూస్తారు. చూస్తే ఆగుతారు. ఆగితే బస్సు పోతుంది. మిషన్ చప్పుడు వినపడుతుంటే, ఇంట్లో అంతా బాగానే ఉందిలే అనుకుని వెళ్తారని." సంచి పైన తువ్వాలు పెట్టి నొక్కింది. "వెళ్లారు కదా, అన్నేళ్లూ?"

వెళ్లాడు. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వెంట వచ్చేది. మలుపు తిరిగాక బస్సు సంగతి గుర్తొచ్చేది. అంత తేలిగ్గా తను ఎలా వెళ్లగలిగాడో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

ఎండ తగ్గింది. ఆవిడ జుట్టు దువ్వుకుని, కళ్లజోడు తాడు సరిచేసుకుని, సంచి భుజాన వేసుకుంది. సంచి పట్టీ ఆయన ఎత్తుకు ఉండటంతో మోకాళ్ల దాకా వేలాడింది. రంగులాయన వంగి బకిల్ బిగించాడు. స్టాపు దాకా వస్తానన్నాడు.

"మీరెప్పుడైనా నన్ను స్టాపు దాకా రానిచ్చారా? దారికెళ్లే మనిషి ఒంటరిగానే నడవాలని ఎవరండీ చెప్పింది?"

"నేనే అనుకో. అయినా..."

"ఉండండి ఇక్కడే. అన్నం వండిపెట్టాను, కూర మూత తీసి వేడిచేసుకోండి. పక్కింటావిడ వస్తే గౌను ఇవ్వండి. వెళ్లొస్తాను."

చెప్పులు వేసుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. రంగులాయన గుమ్మంలోకి రెండడుగులు వేసి, టక్కున ఆగాడు. గుమ్మంలో నిలబడితే ఆవిడ తిరిగి చూస్తుంది. చూస్తే ఆగుతుంది. ఈ ఉద్యోగానికి మొదటి బస్సే పోగూడదు. గబగబా వెనక్కొచ్చి మిషన్ ముందు కూర్చున్నాడు. చేతికందిన తెల్లగుడ్డ ముక్క సూది కింద పెట్టి, చక్రం తిప్పి, తొక్కడం మొదలుపెట్టాడు.

బతుకంతా దారాలమ్మిన మనిషి మిషన్ తొక్కడం అదే మొదలు. మొదట చక్రం వెనక్కి తిరిగింది. తర్వాత తడబడింది. ఆ పైన పట్టు దొరికి టకటకమని పరుగెత్తింది. మెట్ల మీద అడుగులు ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. అడుగులు మళ్లీ కదిలాయి. కిటికీలోంచి చూడాలని ప్రాణం లాగుతున్నా చూడలేదు. గుడ్డ అయిపోతే వెనక్కి లాగి మళ్లీ తొక్కాడు. వీధి చివర బస్సు హారన్ మోగింది. బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. అది మలుపు తిరిగేదాకా ఆయన కాళ్లు ఆపలేదు.

ఆపాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అనుకున్నంత భయంగా లేదు. బల్ల మీద రంగుల కార్డు ఉంది, మడిచిన గౌను ఉంది, పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె ఉంది. ఆవిడ ఇప్పుడే లేచి వంటింట్లోకి వెళ్లినట్టుంది. కాళ్లు పట్టేశాయి గానీ మనసుకు తృప్తిగా ఉంది. కాసేపు అలాగే కూర్చున్నాడు. ఫోన్ మోగింది.

"ఎక్కాను," అంది ఆవిడ. వెనకాల బస్సు గరగర వినపడుతోంది. "కిటికీ పక్క సీటే దొరికింది. మీ ల్యాప్‌టాప్ ఒళ్లోనే పెట్టుకున్నాను, తెరవకుండా."

"పట్టిందా?"

"పట్టింది. చేతులు చుట్టి పట్టుకున్నాను. ఏవండీ, దారం ఎక్కించకుండా తొక్కారు కదూ?"

రంగులాయన సూది వైపు చూశాడు. రీలు పెట్టే చోట ఏమీ లేదు.

"నీకెలా తెలిసింది?"

"చప్పుడే చెప్తుంది. ఉత్త సూది చప్పుడు వేరు. మెట్ల మీదే నవ్వొచ్చింది. దారం మీ జేబులో ఉంది, చూసుకోండి."

ఆయన జేబు తడుముకున్నాడు. ఇటుకరంగు రీలు వేళ్లకు తగిలింది.

"నవ్వుకోకు. తొందర్లో మరిచిపోయాను."

"ఎందుకు నవ్వుతాను? మీరు వెళ్లేటప్పుడు నేనెన్నిసార్లు ఉత్త సూదితో తొక్కలేదూ! కళ్లు కనపడితే కదా దారం ఎక్కించడానికి." ఆ మాట అనేసి ఆవిడ తొందరగా గొంతు మార్చింది. "సరే, ఉంటాను. చెట్లు వెనక్కి పోతున్నాయి, చూడాలి."

ఫోన్ పక్కన పెట్టి రంగులాయన దీపం వేశాడు. రీలు తీసి రంగుల కార్డు మీద పెట్టాడు. దాన్ని సూదికి ఎక్కించలేదు, గుడ్డను లాగలేదు. మిషన్ పాదం కింద ఆ తెల్లముక్క అలాగే ఉండిపోయింది, దాని మీద కాస్త వంకరగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, దారం లేని కుట్టు.